1950 ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ మీద రెండు స్ట్రోమ్‌బర్గ్ 97లు: ఫుల్‌గా తొక్కితే బండి చచ్చుబడిపోతోంది, సాయం కావాలి

డెన్వర్_కూపే:

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నా దగ్గర 1950 ఫోర్డ్ కూపే ఉంది. పోయినేడాది ఓక్లహోమాలో కొని ట్రైలర్ మీద డెన్వర్‌కి తెచ్చుకున్నాను. వీటిలో చాలామంది చెవీ 350 (షెవర్లే వీ8 ఇంజిన్) దించేస్తారు, నాకు మాత్రం బండితో పుట్టిన ఇంజినే ఉండాలని కోరిక. 8బీఏ మోడల్ ఫ్లాట్‌హెడ్ (వాల్వులు హెడ్‌లో కాకుండా బ్లాక్‌లోనే ఉండే రకం) వీ8, 239 క్యూబిక్ ఇంచులు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు 100 హార్స్‌పవర్. పాత యజమాని రింగులు, బేరింగులు మార్పించాడు, క్యామ్ స్టాకే (ఫ్యాక్టరీదే). కంప్రెషన్ చూశాను, ఎనిమిది సిలిండర్లూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి.

ఈ చలికాలమంతా కూర్చుని పాత హోలీ టూ బ్యారెల్ (రెండు గొంతుల) కార్బొరేటర్ తీసేసి, రెండు కార్బొరేటర్లు కూర్చునే ఆఫెన్‌హాసర్ డ్యూయల్ మ్యానిఫోల్డ్ వేసి, దాని మీద రెండు స్ట్రోమ్‌బర్గ్ 97 కార్బొరేటర్లు పెట్టాను. స్వాప్ మీట్‌లో కొన్నాను, రీబిల్డ్ చేసినవేనని అమ్మినాయన చెప్పాడు. రెండింట్లోనూ మెయిన్ జెట్లు (పెట్రోల్ కొలిచి వదిలే చిన్న రంధ్రాలు) 45. ఫ్యూయల్ పంప్ కొత్తది, ఇంజిన్ వెనకాల కూర్చునే మెకానికల్ పంపే. డిస్ట్రిబ్యూటర్ ముట్టుకోలేదు.

స్టార్ట్ చేస్తే ఒక రెండు నిమిషాలు చక్కగా తిరుగుతుంది, తర్వాత ఐడిల్ గతుకులు పడుతుంది, గ్యారేజంతా పెట్రోల్ వాసన. నెమ్మదిగా వెళ్తే ఫర్వాలేదు. ఫుల్‌గా తొక్కానంటే మాత్రం వెనక్కి ఎవరో పట్టి లాగుతున్నట్టు చచ్చుబడిపోతుంది, కాలు సగం తీస్తే మళ్లీ లేస్తుంది. ప్లగ్గులు విప్పితే వేలికి అంటుకునేంత పొడి మసి.

మా నాన్న తెనాలి నుంచి వచ్చి మూడు నెలలుగా నా దగ్గరే ఉన్నారు, ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యారు. పోయిన ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని మొదటిసారి హైవే ఎక్కుదామని వెళ్లాను. ర్యాంప్ మీద తొక్కగానే బండి ఉసూరుమంది, వెనక ట్రక్ హారన్, నాకు చెమటలు పట్టేశాయి. నాన్న ఏమీ అనలేదు, కాసేపు విని "దీనికి ఊపిరి ఆడట్లేదురా" అన్నారు. ఆ మాటే బుర్రలో తిరుగుతోంది.

ఒక షాప్‌లో చూపిస్తే ఈ పాత సామాన్లన్నీ తీసేసి 600 సీఎఫ్ఎమ్ (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల గాలి) ఫోర్ బ్యారెల్ కార్బొరేటర్ ఒకటి పెట్టుకోమన్నారు. నాకు మనసొప్పడం లేదు. 97లు ఉంచుకుని దారికి తేవచ్చా? జెట్లు ఎంతకి తగ్గించాలి? ఇంకొకటి, ఐడిల్‌లో వాక్యూమ్ గేజ్ 14 అంగుళాలు చూపిస్తోంది, ఆరోగ్యంగా ఉన్న ఫ్లాట్‌హెడ్ 18, 19 చూపించాలని చదివాను. ఇంజిన్ లోపల ఏమైనా పోయిందా అని టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్_కుర్రాడు:

అన్నా, ముందు వాక్యూమ్ సంగతి చెప్తాను, ఈ రాత్రికి నిద్రపడుతుంది. నువ్వున్నది 5,280 అడుగుల ఎత్తులో. ప్రతి వెయ్యి అడుగులకి గేజ్ మీద దాదాపు ఒక అంగుళం పడిపోతుంది. సముద్రమట్టం దగ్గర 19 చూపించే ఇంజినే డెన్వర్‌లో 14 చూపిస్తుంది. ముల్లు వణక్కుండా నిలబడితే నీ ఇంజిన్‌కి ఏమీ కాలేదు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న షెడ్‌లో అంబాసిడర్ల కార్బొరేటర్లు కడుగుతూ పెరిగాను, ఇప్పుడు ఫీనిక్స్‌లో ఉంటున్నాను. కార్బొరేటర్ ఏ ఊళ్లోదైనా ఒకటే కదా, గాలి పల్చబడితే మిక్చర్ రిచ్ అవుతుంది, అంటే పెట్రోల్ పాలు ఎక్కువవుతుంది. డెన్వర్‌లో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే ఆరో వంతు దాకా తక్కువ. మిక్చర్ అంతే రిచ్ అయిపోదు, లెక్కలో వర్గమూలం వస్తుంది కాబట్టి సుమారు 9 శాతం. 97 జెట్ మీద అంకె రంధ్రం వ్యాసం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. 45 తీసి 43 వేస్తే రంధ్రం వైశాల్యం దాదాపు 9 శాతం తగ్గుతుంది. అందుకని నువ్వు 43తో మొదలుపెట్టు.

97లో పవర్ వాల్వ్ (ఫుల్‌గా తొక్కినప్పుడు అదనంగా పెట్రోల్ పోసేది) అంకె మాత్రం జెట్‌కి తిరగేసి ఉంటుంది, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. అది డ్రిల్ నంబర్. 65 స్టాక్, 69 అంటే ఇంకా చిన్న రంధ్రం. అంకె పెరిగింది కదా ఎక్కువ పోస్తుందనుకుని వేస్తే బండి ఇంకా ఎండిపోతుంది. ఈ వాల్వ్ సీటు దగ్గర కారినా ఎప్పుడూ రిచ్‌గానే నడుస్తుంది, రీబిల్డ్ అని అమ్మినవాటిలో దీన్ని అసలు విప్పి చూడని వాళ్లున్నారు. తీసి కడిగి నోటితో ఊది చూడు, మూసి ఉన్నప్పుడు గాలి పోకూడదు.

ఫ్లోట్ లెవల్ కూడా చూడు. మూత తీసి గ్యాస్కెట్ పక్కన పెట్టి, బౌల్ పై అంచు నుంచి పెట్రోల్ మట్టానికి 15/32 అంగుళం ఉండాలి.

డ్యూస్_హ్యూస్టన్:

ఆ 600 ఫోర్ బ్యారెల్ మాట వినకండి. షాప్ వాళ్లు చెడ్డ ఉద్దేశంతో చెప్పారని కాదు, వాళ్ల చేతికి అలవాటైన సామాను అది. కానీ లెక్క వేసి చూడండి. క్యూబిక్ ఇంచులని ఆర్‌పీఎమ్‌తో గుణించి 3456తో భాగిస్తే, ఇంజిన్ నూటికి నూరు శాతం నిండితే ఎంత గాలి పీలుస్తుందో వస్తుంది. 239 ఇంటూ 4500 బై 3456 అంటే 311. స్టాక్ క్యామ్ ఉన్న ఫ్లాట్‌హెడ్ అంత నిండదు, 80 శాతం అనుకుంటే 250 దగ్గర ఆగుతుంది. దానికి 600 అంటే చంటిపిల్లాడి నోటికి చెంబు పెట్టడమే. వెంచురీలో (కార్బొరేటర్ గొంతు సన్నబడే చోట) గాలి వేగం లేకపోతే పెట్రోల్ పొగమంచులా చీలదు, చుక్కలుగా పడుతుంది.

ఇది నేను అనుభవించి చెప్తున్నాను. నా 1932 ఫోర్డ్‌లో 283 చెవీ ఉంది. మొదట్లో దాని మీద 750 సీఎఫ్ఎమ్ డబుల్ పంపర్ కార్బొరేటర్ పెట్టాను, పెద్దదైతే ఎక్కువ పవర్ అనుకుని. 5500 ఆర్‌పీఎమ్‌కి లెక్క వేసి 85 శాతం నిండుతుందనుకున్నా దానికి కావాల్సింది 400 లోపే. ఏడాది పాటు జెట్లు, పంప్ క్యామ్‌లు మారుస్తూనే ఉన్నాను, కింద ఆర్‌పీఎమ్‌లో లాగలేదంటే లాగలేదు. చివరికి 500 సీఎఫ్ఎమ్‌ది వేస్తే మొదటి రోజే సరిపోయింది. వీధుల్లో తిరిగే బండికి లెక్కలో వచ్చినదానికి దగ్గరగా, కొంచెం చిన్నదైనా ఫర్వాలేదు అన్నట్టు ఎంచుకోవాలి.

మరి 97 ఒక్కోటి 150 సీఎఫ్ఎమ్, రెండు కలిపి 300 కదా అంటారేమో. టూ బ్యారెల్ కార్బొరేటర్లని 3 అంగుళాల పాదరసం దగ్గర కొలుస్తారు, ఫోర్ బ్యారెల్‌ని 1.5 దగ్గర. ఫోర్ బ్యారెల్ కొలతలోకి మారిస్తే మీ రెండు 97లు కలిపి 212 మాత్రమే. పల్చటి డెన్వర్ గాలిలో, స్టాక్ క్యామ్‌తో, మీ ఇంజిన్‌కి ఇది చక్కటి జోడీ. మూడు పెట్టాలన్న ఆశ మాత్రం క్యామ్ మార్చేదాకా వద్దు.

మిచిగన్_బాబాయ్:

తమ్ముళ్లిద్దరూ చెప్పినవన్నీ నిజమే. కానీ జెట్ల దగ్గరికి తర్వాత వద్దాం. కూపే బాబూ, నువ్వు రాసినదాంట్లో రెండు మాటల దగ్గర నేను ఆగిపోయాను. ఒకటి "ఫ్యూయల్ పంప్ కొత్తది". రెండోది "డిస్ట్రిబ్యూటర్ ముట్టుకోలేదు".

పంప్ సంగతి ముందు. 97లో నీడిల్ వాల్వ్ (బౌల్ నిండగానే పెట్రోల్‌ని ఆపే సూది) రెండున్నర, మహా అయితే మూడు పీఎస్‌ఐ ఆపగలదు. ఇప్పుడొస్తున్న కొత్త పంపుల్లో ఐదు, అంతకన్నా ఎక్కువ కొట్టేవి ఉన్నాయి. అంత ఒత్తిడికి నీడిల్ తోసుకుపోయి బౌల్ పొంగుతుంది. నీ ఐడిల్ రెండు నిమిషాలు బాగుండి తర్వాత గతుకులు పడుతోందంటే నాకు అదే అనుమానం. పంప్‌కీ కార్బొరేటర్లకీ మధ్య ఒక టీ పెట్టి గేజ్ బిగించు. ఇంజిన్ ఆపేసి ఎయిర్ క్లీనర్ తీసి టార్చ్ వేసి వెంచురీ లోపలికి చూడు, నాజిల్ నుంచి చుక్క పడుతోందా? థ్రాటిల్ షాఫ్ట్ చివర్లు వేలితో తడుము, తడిగా ఉన్నాయా? వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారుతుంటే అది ట్యూనింగ్ సమస్య కాదు నాయనా, అగ్గి. తేలేదాకా బండి రోడ్డెక్కించకు, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకో.

ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్. 1949 నుంచి 53 దాకా ఫ్లాట్‌హెడ్ వీ8లకి ఫోర్డ్ లోడోమ్యాటిక్ అనే డిస్ట్రిబ్యూటర్ పెట్టింది. అందులో సెంట్రిఫ్యూగల్ బరువులు (వేగం పెరిగేకొద్దీ విచ్చుకుని స్పార్క్‌ని ముందుకి జరిపేవి) ఉండవు. స్పార్క్ ముందుకి జరగడమంతా (అడ్వాన్స్) వాక్యూమ్ మీదే. ఆ వాక్యూమ్ కూడా మ్యానిఫోల్డ్‌ది కాదు, ఆ కాలం హోలీ కార్బొరేటర్ లోపల వెంచురీ దగ్గర ఒక రంధ్రం, థ్రాటిల్ పళ్లెం పైన ఒక రంధ్రం, రెండూ కలిసి ఒక గొట్టంలోకి వస్తాయి. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ వెంచురీలో గాలి జోరు పెరుగుతుంది, ఆ లాగుడికి టైమింగ్ ముందుకి వెళ్తుంది. డిస్ట్రిబ్యూటర్, కార్బొరేటర్ రెండూ ఒకే తల్లి పిల్లలు, విడదీస్తే పనిచేయవు.

స్ట్రోమ్‌బర్గ్ 97 మీద ఆ దారే లేదు. అది 1936 నాటి ఫోర్డ్‌ల కోసం వచ్చిన కార్బొరేటర్, అప్పటి డిస్ట్రిబ్యూటర్లలో బరువులు ఉండేవి, వాక్యూమ్‌ని బ్రేక్‌గా మాత్రమే వాడేవాళ్లు. పాత హాట్ రాడ్ ఫొటోల్లో 97లు అంత దర్జాగా పనిచేశాయంటే వాటి కింద ఉన్నది ఆ డిస్ట్రిబ్యూటర్. ఆ ఫొటోలు చూసి 8బీఏ మీద 97లు పెట్టుకున్నవాళ్లు సరిగ్గా నీలాగే ఇరుక్కున్నారు, నేను ఇప్పటికి నలుగురిని చూశాను, నలుగురూ ముందు జెట్లే మార్చారు.

నీ డిస్ట్రిబ్యూటర్ గొట్టం ఇప్పుడు ఎక్కడికి తగిలించావు? మ్యానిఫోల్డ్‌కి అయితే కథ ఇది: ఐడిల్‌లో వాక్యూమ్ నిండా ఉంటుంది కాబట్టి టైమింగ్ మొత్తం ముందుకెళ్లి కూర్చుంటుంది. నువ్వు ఫుల్‌గా తొక్కగానే మ్యానిఫోల్డ్ వాక్యూమ్ సున్నాకి పడిపోతుంది, టైమింగ్ అంతా వెనక్కి వచ్చేస్తుంది, కావాల్సినప్పుడే స్పార్క్ ఆలస్యం. కాలు సగం తీస్తే వాక్యూమ్ తిరిగొచ్చి బండి లేస్తుంది. నువ్వు రాసింది అచ్చం ఇదే.

డెన్వర్_కూపే:

బాబాయ్ గారూ, చేతులు ఇంకా పెట్రోల్ వాసన వస్తున్నాయి, ఆగలేక రాస్తున్నాను.

గేజ్ పెట్టాను. ఐదున్నర పీఎస్‌ఐ. ఇంజిన్ ఆపి టార్చ్ వేసి చూస్తే వెనక కార్బొరేటర్‌లో కుడి నాజిల్ కొస మీద చుక్క మెల్లగా లావెక్కి, జారి, కింద పళ్లెం మీద పడుతోంది, వెంటనే ఇంకోటి. నాన్న పక్కన నిలబడి లెక్కపెట్టారు, నిమిషంలో ఇరవై మూడు. షాఫ్ట్ చివర్లు రెండూ తడి. ఇన్నాళ్లూ ఇలాగే తిప్పానా అని ఒళ్లు జలదరించింది.

గొట్టం మ్యానిఫోల్డ్‌కే తగిలించాను. 97 మీద చోటు కనబడలేదు, ఎక్కడో ఒకచోట వాక్యూమ్ కావాలి కదా అనుకున్నాను. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూశాను, మీరన్నట్టే బరువులు లేవు.

ఇప్పుడు పాత డిస్ట్రిబ్యూటర్‌ని ఎలాగైనా వాడుకునే మార్గం ఉందా, లేక మార్చాల్సిందేనా?

మిచిగన్_బాబాయ్:

మార్చాల్సిందే. ఒకే హోలీతో వెళ్తే లోడోమ్యాటిక్ బాగానే పనిచేస్తుంది, దానికి చెడ్డపేరు అనవసరంగా వచ్చింది. రెండు పాత హోలీలు పెడదామన్నా గాలి రెండుగా చీలిపోతుంది, ఒక్కో వెంచురీలో లాగుడు తగ్గి అడ్వాన్స్ ఆలస్యంగా వస్తుంది. 97లే కావాలంటే లోపల బరువులున్న డిస్ట్రిబ్యూటర్ కొను, 8బీఏకి సరిపోయేవి కొత్తవి దొరుకుతున్నాయి. టైమింగ్ లైట్ పట్టుకుని క్రాంక్ మీద మొత్తం అడ్వాన్స్ 20 నుంచి 24 డిగ్రీల మధ్య పెట్టు. చెవీ వాళ్లు 34, 36 అంటుంటారు, అది వేరే హెడ్, ఆ అంకె ఇక్కడ వాడకు. పెట్రోల్ గురించి బెంగ వద్దు, స్టాక్ కంప్రెషన్ 6.8, మీ డెన్వర్‌లో దొరికే 85 ఆక్టేన్ చాలు.

పంప్ తర్వాత రెగ్యులేటర్ పెట్టి రెండున్నరకి దించు. రెగ్యులేటర్ మీద అచ్చువేసిన అంకెని నమ్మకు, గేజ్‌నే నమ్ము.

ఇవి రెండూ అయ్యాకే 43 జెట్లు. ఒక్కసారి ఒక్కటే మార్చు, మార్చినది నోట్‌బుక్‌లో రాయి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది బాగుచేసిందో, ఏది పాడుచేసిందో తెలియదు.

తర్వాత రెండు కార్బొరేటర్లని జత కలపాలి. లింకేజ్ రాడ్ విప్పేసి రెండింటినీ విడివిడిగా ఐడిల్‌కి తీసుకురా. యూని-సిన్ ఒకటి కొనుక్కో, చిన్న గాజు గొట్టంలో బిళ్ల తేలుతుంది, ఒక కార్బొరేటర్ మూతి మీద పెట్టి బిళ్ల ఎక్కడ నిలిచిందో చూసుకుని, రెండోదాన్ని ఐడిల్ స్క్రూతో అదే ఎత్తుకి తెచ్చుకోవాలి. కింద నాలుగు మిక్చర్ స్క్రూలు ఒకటిన్నర చుట్టు తెరిచి మొదలుపెట్టి, ఒక్కోటి ఎనిమిదో వంతు చుట్టు తిప్పుతూ విను. లోపలికి తిప్పితే లీన్ (పెట్రోల్ తక్కువ), ఇంజిన్ తడబడిన చోటు నుంచి కొంచెం వెనక్కి రా. నాలుగూ ఇంచుమించు ఒకే లెక్కలో ఆగాలి. ఒకటి మాత్రం ఎంత తిప్పినా పలకకపోతే దాని ఐడిల్ ట్యూబ్ మూసుకుపోయినట్టు. చివర్లో రాడ్ బిగించేటప్పుడు అది ఏ థ్రాటిల్‌నీ జుట్టు వాసి కూడా లాగకూడదు. రాడ్ పొడవు నట్టుతో సరిచేసుకో, బలవంతంగా గుచ్చకు.

ఆటోనగర్_కుర్రాడు:

బాబాయ్, డిస్ట్రిబ్యూటర్ సంగతి నాకు తట్టనే లేదు, నేనుంటే అన్నతో పది జెట్లు కొనిపించేవాణ్ని. నేర్చుకున్నాను.

అన్నా, ఒక్కటి కలుపుతాను. ఎగ్జాస్ట్‌లో వైడ్‌బ్యాండ్ సెన్సర్ (పెట్రోల్‌కి గాలి ఎన్ని పాళ్లో చూపించేది) పెట్టించుకో, రెండు పైపులు ఉంటే ఎటొకటి చాలు. నిలకడగా వెళ్తున్నప్పుడు 14 దగ్గర, ఫుల్‌గా తొక్కినప్పుడు 12.5 నుంచి 13 మధ్య ఉంటే మెయిన్ జెట్, పవర్ వాల్వ్ రెండూ కుదిరినట్టు. ప్లగ్ రంగు చూసి చెప్పడం మా నాన్నకి బాగా వచ్చు, ఇటుక రంగు వస్తే ఓకే అనేవాడు, కానీ ఇప్పటి పెట్రోల్‌తో ప్లగ్ అంత సులువుగా రంగు చెప్పదు.

డెన్వర్_కూపే:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, అందరికీ బాకీ ఉన్నాను కదా.

రెగ్యులేటర్ రెండున్నర దగ్గర నిలిచింది. టార్చ్ వేసి పది నిమిషాలు చూశాను, నాజిల్స్ పొడిగా ఉన్నాయి. పెట్రోల్ వాసన మొత్తం పోయింది. బరువులున్న డిస్ట్రిబ్యూటర్ వేసి మొత్తం 22 డిగ్రీలు పెట్టాను. ఆ రోజు జెట్లు మార్చలేదు, మీరు ఒక్కోటే అన్నారు కాబట్టి 45 తోనే వెళ్లాను. అదే ర్యాంప్, నాన్న అదే సీటు. తొక్కితే బండి లేచింది! మసి ఇంకా ఉంది కానీ చచ్చుబడటం లేదు. తర్వాతి శనివారం 43 వేశాను, వైడ్‌బ్యాండ్ హైవే మీద 13.8, ఫుల్‌గా తొక్కితే 12.3. పవర్ వాల్వ్ 65 తీసి 67 వేస్తే ఫుల్‌లో 12.7 వచ్చింది, అక్కడ వదిలేశాను. వెనక కార్బొరేటర్ కుడి మిక్చర్ స్క్రూ పలకలేదు, ఐడిల్ ట్యూబ్‌లో పచ్చటి తుప్పు, సన్నటి రాగి తీగతో తీశాను.

నిన్న నాన్నని తీసుకుని గోల్డెన్ దగ్గర లుకౌట్ మౌంటెన్ రోడ్డు ఎక్కాం. పైదాకా సెకండ్ గేర్‌లో లాగింది. పైన ఆపి పావుగంట ఆగి మళ్లీ స్టార్ట్ చేయబోతే మాత్రం పట్టడానికి చాలాసేపు తిప్పాల్సి వచ్చింది, పట్టాక నల్లటి పొగ. చల్లారాక మామూలే. ఇదింకేం జబ్బు?

మిచిగన్_బాబాయ్:

చాలా సంతోషం బాబూ, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇది జబ్బు కాదు, వేడి. ఫ్లాట్‌హెడ్‌లో ఎగ్జాస్ట్ దారి బ్లాక్ లోపల నుంచే పోతుంది, పైగా ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద హీట్ రైజర్ (మ్యానిఫోల్డ్‌ని వేడిచేసే ఎగ్జాస్ట్ దారి) ఉంటుంది. కొండెక్కి ఇంజిన్ ఆపగానే ఆ వేడంతా పైకి వచ్చి బౌల్స్‌లో పెట్రోల్ మరుగుతుంది, మరిగి నాజిల్స్ లోంచి మ్యానిఫోల్డ్‌లోకి పొంగుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్, దానికి తోడు మీ ఎత్తులో ఏదైనా ఇంకా తొందరగా మరుగుతుంది.

వేసవిలోనే తిప్పేట్టయితే మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర హీట్ రైజర్ రంధ్రాలకి పల్చటి స్టీల్ రేకు పెట్టి మూసెయ్యి. కార్బొరేటర్ల కింద ఫినాలిక్ స్పేసర్లు (వేడి పైకి ఎక్కనివ్వని దిమ్మలు) వెయ్యి, మూడు బోల్టుల 97 బేస్‌కి దొరుకుతాయి, బానెట్ తగలకుండా ఎయిర్ క్లీనర్ ఎత్తు ముందే కొలుచుకో. అప్పటిదాకా వేడి మీద స్టార్ట్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ కొట్టకు, కొట్టిన ప్రతిసారీ పంప్ ఇంకాస్త పోస్తుంది. మెల్లగా చివరిదాకా తొక్కి అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టు, పట్టగానే కాలు తీసెయ్యి.